పోస్ట్‌గ్రెస్ ఫంక్షన్లు వాడే పైథాన్, పెర్ల్ మాడ్యూళ్లను ఎక్కడ పెట్టాలి?

గుణుపురం నుంచి మీరు అడిగింది క్లుప్తంగా ఇది. డెబియన్ 12 (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) మీద పోస్ట్‌గ్రెస్ 15 డేటాబేస్‌ని సోర్స్ కోడ్ నుంచి కట్టి /ఆప్ట్ కింద పెట్టారు. తెలుగులో రాసినా ఒడియాలో రాసినా ఒకే మనిషి పేరు దొరికేలా పైథాన్‌లో ఒక మాడ్యూల్ రాసుకున్నారు. టెర్మినల్‌లో అది చక్కగా నడుస్తోంది, డేటాబేస్ ఫంక్షన్ లోంచి పిలిస్తే మాత్రం అలాంటి మాడ్యూల్ లేదంటోంది. పైథాన్ మాడ్యూళ్లు దింపే పిప్‌తో వేద్దామంటే, ఈ పైథాన్ సంగతి ఆపరేటింగ్ సిస్టమ్ చూసుకుంటుంది, నువ్వు ముట్టుకోకు అని ఆపేస్తోంది. ఆ అడ్డును తోసేసే ఆప్షన్ ఉందట, వాడేయమంటారా అన్నది మొదటి ప్రశ్న. ఇదే సరుకును పర్లాకిమిడి, కాశీనగరం, రాయగడ బ్రాంచీలకు ఒక ఇన్‌స్టాలర్‌గా చేసి పంపాలి, అది మాడ్యూళ్లను ఎక్కడ పడేయాలి అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు: వాడొద్దు. రెండోదానికి: మీ సొంత డైరెక్టరీలో పెట్టండి, సిస్టమ్ పైథాన్ డైరెక్టరీలో ఒక్క ఫైలు కూడా పెట్టొద్దు. ఎందుకో వివరంగా చెప్తాను. రాయగడలో ఉండి పద్దెనిమిదేళ్లుగా ఈ పనే చేస్తున్నాను, ఈ విషయంలో ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను కూడా. దారులు, కమాండ్లు ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి.

ముందు ఒక సంగతి విడదీసుకోవాలి. డేటాబేస్ తాలూకు స్క్రిప్టింగ్ మాడ్యూల్ అని అందరూ ఒకే మాట అంటారు గానీ, ఆ మాట కింద మూడు రకాల సరుకు ఉంది. మొదటిది, డేటాబేస్‌కి పైథాన్ భాష నేర్పే లైబ్రరీ. రెండోది, బయట నుంచి డేటాబేస్‌తో మాట్లాడే క్లయింట్ మాడ్యూల్: పైథాన్‌లో సైకోపీజీ, పెర్ల్‌లో డీబీడీ-పీజీ లాంటివి. మూడోది మీది, అంటే డేటాబేస్ లోపల నడిచే ఫంక్షన్ ఇంపోర్ట్ చేసుకునే మాడ్యూల్. ఈ మూడింటికీ చోటు వేరు. దేన్ని ఎవరు లోడ్ చేసుకుంటారో చూసుకుంటే చోటు దానంతట అదే తేలిపోతుంది.

మొదటిదాన్ని లోడ్ చేసేది పోస్ట్‌గ్రెస్సే, కాబట్టి అది పోస్ట్‌గ్రెస్ లైబ్రరీ డైరెక్టరీలోనే ఉంటుంది. ఎక్కడో తెలియాలంటే పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే పీజీ_కాన్ఫిగ్ కమాండ్‌ని పీకేజీలిబ్‌డిర్ ఏది అని అడగండి. డెబియన్ ప్యాకేజీ అయితే /యూఎస్ఆర్/లిబ్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్/15/లిబ్ అంటుంది. సోర్స్ నుంచి కట్టినప్పుడు ఇక్కడ ఒక చిన్న విశేషం ఉంది. మీరిచ్చిన ప్రిఫిక్స్‌లో, అంటే ఎక్కడ పెట్టాలో చెప్పే దారిలో, పోస్ట్‌గ్రెస్ అనో పీజీఎస్‌క్యూఎల్ అనో మాట ఎక్కడా లేకపోతే, అది తన సరుకు పక్కవాళ్ల సరుకుతో కలవకుండా లిబ్ కింద పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డైరెక్టరీ తానే చేసుకుంటుంది. మీరు /ఆప్ట్/పీజీ15 అని ఇచ్చారు గనుక మీకు /ఆప్ట్/పీజీ15/లిబ్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ కనపడుతుంది. మామూలుగా ఏమీ ఇవ్వకపోతే /యూఎస్ఆర్/లోకల్/పీజీఎస్‌క్యూఎల్ కింద పెట్టుకుంటుంది, అప్పుడు అదనపు డైరెక్టరీ ఉండదు. ఒకటి జాగ్రత్త. డెబియన్‌లో /యూఎస్ఆర్/బిన్ లో ఉండే పీజీ_కాన్ఫిగ్ మీ సర్వర్‌ది కాకపోవచ్చు. ఏ సర్వర్ గురించి అడుగుతున్నారో ఆ సర్వర్ బిన్ డైరెక్టరీలోని పీజీ_కాన్ఫిగ్‌నే పూర్తి దారితో పిలవండి.

రెండో రకం, క్లయింట్ మాడ్యూల్, పైథాన్‌కో పెర్ల్‌కో చెందినది. దాన్ని లోడ్ చేసేది మీ వెబ్ అప్లికేషనో, నెలాఖరు రిపోర్టు స్క్రిప్టో. అది ఆ భాష ఇంట్లోనే, ఆ భాష పనిముట్లతోనే దిగాలి. అందులో వాదించడానికి ఏమీ లేదు.

గొడవంతా మూడోదాని దగ్గరే. అది రాసింది పైథాన్‌లో, నడిచేది పోస్ట్‌గ్రెస్ కడుపులో. అందుకే చాలామంది, పైథాన్ ఫైలే కదా, పైథాన్ ఇంట్లో పెడదాం అనుకుంటారు. అందులో న్యాయం లేకపోలేదు. అక్కడ పెడితే ఏ సెట్టింగూ అక్కర్లేకుండా దొరుకుతుంది. నేనూ అలాగే చేశాను.

ఇక్కడ రాయగడలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌కి సాఫ్ట్‌వేర్ చూసేవాణ్ణి. మన జిల్లాల్లో పేర్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఒకే మనిషి ఆధార్‌లో ఒడియాలో ఒకలాగా, పాత చీటీలో తెలుగులో ఇంకోలాగా ఉంటాడు. బిస్సంకటక్ నుంచి వచ్చినవాళ్లు ఒడియాలో చెప్తారు, పార్వతీపురం వైపు నుంచి వచ్చినవాళ్లు తెలుగులో చెప్తారు. పాత రిపోర్టు దొరకాలంటే రెండు లిపుల్లోని పేరూ ఒకే తాళంచెవికి రావాలి. ప్రతి అక్షరానికీ ఒక నంబరున్న గడి ఇచ్చే యూనికోడ్‌లో ఈ పని మొదట్లో భలే తేలికగా కనిపిస్తుంది. ఒడియా అక్షరాల గళ్లు 2816 నుంచి మొదలవుతాయి, తెలుగువి 3072 నుంచి. సరిగ్గా 256 తేడా. తెలుగు క 3093లో ఉంటే ఒడియా క 2837లో ఉంటుంది. రెండు లిపుల వరసా ఒకే పాత ప్రమాణం నుంచి వచ్చింది కాబట్టి ఈ పొంతన. 256 తీసేస్తే చాలు, తెలుగు పేరు ఒడియా పేరవుతుంది అనుకుని నేనూ రాసేశాను.

తీరా ఊరి పేరు దగ్గరే పట్టుకుంది. రాయగడలో ఉన్న య తెలుగులో 3119. 256 తీస్తే 2863 వస్తుంది. ఆ గడిలో ఒడియాకి ఉన్నది జ లాగా పలికే అక్షరం. ఒడియా వాళ్లు యకారానికి రాసే అక్షరం వేరే ఉంది, 2911లో. ఇక చివరి డ. ఒడియాలో దాని కింద చుక్క ఉంటుంది. ఆ చుక్క అక్షరాన్ని కొన్ని కీబోర్డులు ఒకే గడిగా ఇస్తాయి, కొన్ని డ, చుక్క విడివిడిగా రెండు గళ్లుగా ఇస్తాయి. కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కి వేరు. యూనికోడ్ నార్మలైజేషన్ చేస్తే రెండూ విడిగా రాసిన రూపానికే వస్తాయి. ఎర్రయ్య అని పేరుంటే మొదటి అక్షరం హ్రస్వం. ఒడియాలో హ్రస్వ ఎ లేదు, 2830 గడి ఖాళీ. ఇవన్నీ సర్దుతూ నా మాడ్యూల్ నూట యాభై లైన్లకు పెరిగింది. దాన్ని డెబియన్ 11 సర్వర్‌లో సూడోతో, అంటే రూట్ హక్కులతో, పిప్ నడిపి వేశాను. అది వెళ్లి /యూఎస్ఆర్/లోకల్/లిబ్/పైథాన్3.9/డిస్ట్-ప్యాకేజెస్‌లో కూర్చుంది. రోగుల పట్టిక మీద, ఆ ఫంక్షన్ ఇచ్చే విలువతో, త్వరగా వెతకడానికి ఒక ఇండెక్స్ కూడా కట్టాను. రెండేళ్లు ఏ గొడవా లేదు.

ఒక శనివారం రాత్రి డెబియన్ 12కి మార్చాను. పైథాన్ 3.9 పోయి 3.11 వచ్చింది, పోస్ట్‌గ్రెస్ 13 పోయి 15 వచ్చింది. డేటాను డంప్ చేసి కొత్తదాంట్లోకి ఎక్కిస్తుంటే పట్టికలన్నీ ఎక్కాయి, ఫంక్షన్లు కూడా ఎక్కాయి, రోగుల పట్టిక ఇండెక్స్ దగ్గర ఆగిపోయింది. కారణం చూడండి. డంప్‌లో ఫంక్షన్ రాత ఉంటుంది, ఆ రాత లోపల ఇంపోర్ట్ అనే మాట ఉంటుంది, మాడ్యూల్ ఉండదు. ఫంక్షన్ తయారుచేసేటప్పుడు పోస్ట్‌గ్రెస్ దాని వ్యాకరణం చూస్తుందే తప్ప నడిపి చూడదు. ఇండెక్స్ కట్టాలంటే మాత్రం ప్రతి వరసకీ నడపాలి. నడపబోతే మాడ్యూల్ లేదు, ఎందుకంటే కొత్త పైథాన్ 3.11 పేరున్న డైరెక్టరీలో వెతుకుతోంది, నా ఫైలు 3.9 పేరున్న డైరెక్టరీలో ఉంది. డిస్కులో ఉంది, కానీ ఎవరూ చూడరు.

నౌపడా–గుణుపురం లైను మీ ఊరిదే కదా. రెండున్నర అడుగుల చిన్న గేజిగా ఉన్న ఆ లైను పెద్ద గేజి అయినప్పుడు పాత బోగీలకు తుప్పు పట్టలేదు, చక్రాలు విరగలేదు, అయినా కొత్త పట్టాల మీద ఒక్కటీ నడవలేదు. పైథాన్‌లో 3.9 నుంచి 3.11కి వెళ్లడం అలాంటి గేజి మార్పు. సీ భాషలో కంపైల్ చేసిన మాడ్యూళ్లయితే ఎక్కువ భాగం అసలు ఎక్కవు. అన్ని వెర్షన్లకూ పనికొచ్చేలా ప్రత్యేకంగా కట్టినవి కొన్ని ఉంటాయి, అవి వేరు. అచ్చం పైథాన్‌లో రాసినవి ఎక్కుతాయి, కానీ ఎక్కాలంటే ముందు కనపడాలి.

ఆ రాత్రి నేను చేసిన రెండో తప్పు ఇంకా పెద్దది. మాడ్యూల్ మళ్లీ వేశాను, ఇండెక్స్ కట్టాను, పొద్దున్న ఏడింటికి ల్యాబ్ తెరిచేసరికి అంతా నడిచింది. నెల తర్వాత య గురించిన పొరపాటొకటి కనిపెట్టి మాడ్యూల్‌లో సరిచేశాను, అదే పేరుతో, అదే డైరెక్టరీలో, పాతదాని మీదే రాసేశాను. ఇండెక్స్‌లో పాత విలువలు అలాగే ఉన్నాయి. వెతికే ఫంక్షన్ కొత్త విలువ ఇస్తోంది. పేరులో య ఉన్న ప్రతి రోగికీ పాత రిపోర్టు లేదు అని వచ్చేది. ఎర్రర్ రాలేదు, లాగ్‌లో ఒక్క ముక్క లేదు. కౌంటర్ దగ్గరి అమ్మాయి చెప్పింది, సార్, రెండు రోజుల నుంచి పాత పేషెంట్లందరూ కొత్తవాళ్లలా వస్తున్నారు అని. ఆ రెండు రోజుల్లో కొందరికి అక్కర్లేకుండా మళ్లీ రక్తం తీశారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంది.

అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. డేటాబేస్ లోపల నడిచే మాడ్యూల్‌ని పైథాన్ తాలూకు ఫైలుగా చూస్తే ఈ రెండు తప్పులూ ఎవరైనా చేస్తారు. అది మీ డేటాలో ఒక భాగం. ఇండెక్స్ విలువలు దాని మీద నిలబడి ఉన్నాయి. డేటాబేస్ స్కీమాని ఎలా వెర్షన్ వేసి జాగ్రత్త చేస్తారో, దీన్నీ అలాగే జాగ్రత్త చేయాలి. సిస్టమ్ పైథాన్ డైరెక్టరీ డిస్ట్రిబ్యూషన్ వాళ్లది, వాళ్ల టైము ప్రకారం మారుతుంది. దాని మార్పులకు మీ డేటాని ముడిపెట్టకూడదు.

పిప్ మిమ్మల్ని ఆపింది కూడా ఈ కారణానికే. పైథాన్ వాళ్లు 668వ ప్రతిపాదనతో ఈ అడ్డు పెట్టారు, డెబియన్ 12 దాన్ని అమలు చేసింది. మీరు తోసేసి వేస్తే ఇవాళ నడుస్తుంది. డెబియన్ ప్యాకేజీ మేనేజర్ (ఏపీటీ) వేసిన ఏదో ఒక ప్యాకేజీకి కావలసిన వెర్షన్ ఒకటి, మీ పిప్ తెచ్చిన వెర్షన్ ఇంకొకటి అయిన రోజున సర్వర్‌లో ఏదో ఒక పనిముట్టు మూలన పడుతుంది. దానికీ డేటాబేస్‌కీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

డెబియన్ వాళ్ల సొంత పద్ధతిలోనే మీకు జవాబుంది. ఏదైనా ప్యాకేజీ తన లోపల మాత్రమే వాడుకునే పైథాన్ మాడ్యూళ్లను అందరి డైరెక్టరీలో పెట్టకుండా /యూఎస్ఆర్/షేర్ కింద గానీ /యూఎస్ఆర్/లిబ్ కింద గానీ ఆ ప్యాకేజీ పేరున్న డైరెక్టరీలో పెట్టమని వాళ్ల నియమావళి చెప్తుంది. పోస్ట్‌గ్రెస్ తాను కూడా ఇదే చేస్తుంది. దాని పరీక్షల కోసం రాసుకున్న పెర్ల్ మాడ్యూళ్లున్నాయి. సోర్స్ నుంచి కట్టేటప్పుడు ఆ పరీక్షలను ఎనేబుల్ చేస్తే వాటిని పెర్ల్ డైరెక్టరీలో పెట్టదు, తన లైబ్రరీ డైరెక్టరీ కింద పీజీఎక్స్ఎస్ అనే డైరెక్టరీ లోపలే పెట్టుకుంటుంది. ఎక్స్‌టెన్షన్ల (డేటాబేస్‌కి అదనంగా తగిలించే సరుకు) కంట్రోల్ ఫైళ్లు షేర్ డైరెక్టరీలో ఒక్కచోటే ఉండాలన్న పాత పట్టు కూడా పోస్ట్‌గ్రెస్ 18లో సడలింది. వేరే డైరెక్టరీలు చూపించుకోవడానికి ఎక్స్‌టెన్షన్_కంట్రోల్_పాత్ అని సెట్టింగ్ ఇచ్చారు.

ఇక మీ సమస్యకి వస్తాను. ముందు కనిపెట్టాల్సింది, సర్వర్ లోపల ఉన్న పైథాన్ ఏది అని. టెర్మినల్‌లో పైథాన్3 అని కొడితే వచ్చేది మీ షెల్ పైథాన్. పోస్ట్‌గ్రెస్ లోపల ఉన్నది, కట్టేటప్పుడు కాన్ఫిగర్ స్క్రిప్ట్‌కి ఏది దొరికిందో అది. కట్టేరోజున మీ టెర్మినల్‌లో ఏ వర్చువల్ ఎన్విరాన్‌మెంటో (విడిగా కట్టుకున్న పైథాన్ గూడు) ఆన్‌లో ఉంటే దాని పైథానే పట్టుకుని ఉంటుంది. అందుకే కట్టేటప్పుడు పైథాన్ అనే వేరియబుల్‌లో /యూఎస్ఆర్/బిన్/పైథాన్3 అని పూర్తి దారి ఇచ్చి కట్టాలి. ఇప్పుడు చూడాలంటే సూపర్‌యూజర్‌గా ఒక చిన్న ఫంక్షన్ రాయండి, భాష పీఎల్‌పైథాన్3యూ. లోపల రెండే లైన్లు: సిస్‌ని ఇంపోర్ట్ చేసుకోవడం, సిస్.వెర్షన్‌నీ సిస్.పాత్‌నీ కలిపి ఒక టెక్స్ట్‌గా తిప్పి ఇవ్వడం. సెలెక్ట్ చేసి చూడండి. సిస్.ఎగ్జిక్యూటబుల్‌ని మాత్రం నమ్మొద్దు. పైథాన్ ఇంకో ప్రోగ్రాం లోపల ఇమిడి ఉన్నప్పుడు అది తప్పు దారి చూపించగలదు. అనుమానం తీరకపోతే పీఎల్‌పైథాన్3 లైబ్రరీ మీద ఎల్‌డీడీ కొట్టండి, ఏ లిబ్‌పైథాన్‌తో ముడిపడిందో కనిపిస్తుంది.

మీకు తొంభై పాళ్లు కనిపించేది ఇది: వెర్షన్ 3.11 అనే ఉంటుంది, పాత్‌లో మీ హోమ్ డైరెక్టరీ ఉండదు. మీరు టెర్మినల్‌లో వాడుతున్నది మీ హోమ్ కింద డాట్‌లోకల్‌లో ఉన్న కాపీ. సర్వర్ నడిచేది పోస్ట్‌గ్రెస్ అనే యూజర్‌తో, ఆ యూజర్ హోమ్ వేరు. మీ హోమ్‌ని దానికి చూపించి గండం గట్టెక్కాలని చూడకండి. హోమ్ డైరెక్టరీలోకి వేరే యూజర్లకు ప్రవేశం ఉండదు చాలా సర్వర్లలో. పైథాన్‌కి ఒక అలవాటుంది. పాత్‌లో ఉన్న డైరెక్టరీ చదవడానికి అనుమతి లేకపోతే అనుమతి లేదు అని చెప్పదు, చప్పుడు చేయకుండా దాటేసి మాడ్యూల్ లేదు అంటుంది. ఫైలు కళ్ల ముందు కనపడుతుంటే లేదంటుందేమిటని గంటలు గంటలు పోతాయి. రూట్ యూమాస్క్ 027 (కొత్త ఫైళ్లను బయటి యూజర్లు చదవనివ్వని సెట్టింగ్) ఉన్న సర్వర్లో ఇన్‌స్టాల్ చేసినా ఇదే కథ. వేసిన తర్వాత, మీరు కాకుండా, పోస్ట్‌గ్రెస్ యూజర్‌గా సూడో చేసి ఇంపోర్ట్ అవుతోందో లేదో చూడండి.

చోటు ఇలా పెట్టుకోండి. /ఆప్ట్ కింద మీ సాఫ్ట్‌వేర్ పేరుతో ఒక డైరెక్టరీ, దాని కింద పైలిబ్, దాని కింద మాడ్యూల్ వెర్షన్ నంబరు: 1.0, 1.1 అలా. అందులో ఒకే ఒక్క పైథాన్ ప్యాకేజీ, ఇంకెవరూ పెట్టని పేరుతో. ఈ పేరు సంగతి గట్టిగా చెప్తున్నాను. మీ డైరెక్టరీని పైథాన్‌పాత్ ద్వారా చూపిస్తే అది పైథాన్ సొంత లైబ్రరీ కన్నా ముందు వరసలోకి వెళ్తుంది. అందులో క్యాలెండర్ అనో టైప్స్ అనో పేరున్న ఫైలు పొరపాటున ఉందంటే, పైథాన్ తన క్యాలెండర్ బదులు మీదాన్ని తీసుకుంటుంది, ఇంకెక్కడో ఏదో విరుగుతుంది. కాబట్టి పై మెట్టులో విడి ఫైళ్లు వద్దు, అన్నీ ఒక్క ప్యాకేజీ లోపల.

యజమాని రూట్, అందరికీ చదివే హక్కు, పోస్ట్‌గ్రెస్ యూజర్‌కి రాసే హక్కు లేదు. పీఎల్‌పైథాన్‌లో నమ్మకమైన రకం, అంటే మామూలు యూజర్లకూ ఇవ్వగలిగేలా కట్టుబాట్లున్నది, లేదు, ఉన్నదల్లా కట్టుబాట్లు లేని యూ రకమే, అది సర్వర్ హక్కులతో నడుస్తుంది. ఆ మాడ్యూల్‌ని మార్చగలిగినవాడు డేటాబేస్ అంతటినీ మార్చగలడు. రూట్ సొంతం చేస్తే ఒక చిన్న ఇబ్బంది ఉంది. పైథాన్ తాను కంపైల్ చేసిన రూపాన్ని పక్కనే దాచుకోలేదు. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షనూ ఒక కొత్త ప్రాసెస్, కొత్త పైథాన్. కాబట్టి కనెక్షన్ కనెక్షన్‌కీ మళ్లీ కంపైల్ చేసుకుంటుంది. పెద్ద మాడ్యూల్ అయితే మొదటి క్వెరీ ఆలస్యం అవడం తెలుస్తుంది. ఇన్‌స్టాలర్ చివర్లో అదే 3.11తో కంపైల్‌ఆల్ నడిపేస్తే సరి.

ఫైళ్లు దింపడానికి పిప్ కావాలంటే వాడుకోండి, టార్గెట్ ఆప్షన్‌తో మీ డైరెక్టరీ చూపించండి. అప్పుడు ఆ అడ్డు రాదు, సిస్టమ్ డైరెక్టరీని ముట్టుకోదు కూడా. బయటి ప్యాకేజీలు చాలా ఉంటే అదే పైథాన్ 3.11తో /ఆప్ట్ కింద ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ కట్టి దాని సైట్-ప్యాకేజెస్‌ని చూపించవచ్చు. అయితే అందులో ఎడిటబుల్‌గా (కాపీ చేయకుండా సోర్స్ డైరెక్టరీకి దారి మాత్రమే చూపేలా) వేసినవి దొరకవు, ఎందుకంటే పైథాన్‌పాత్ ద్వారా వచ్చిన డైరెక్టరీల్లో, వేరే దారులు చూపించే పీటీహెచ్ ఫైళ్లను పైథాన్ చదవదు.

చూపించడం ఎలా? పైథాన్‌పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ సర్వర్ ప్రాసెస్‌కి ఉండాలి. మీ బాష్ ఫైల్లో పెడితే దానికి చేరదు. మీది సోర్స్ నుంచి కట్టింది గనుక సర్వర్‌ని మొదలుపెట్టే సిస్టమ్‌డీ యూనిట్ ఫైలుకి ఎడిట్ పెట్టి ఎన్విరాన్‌మెంట్ లైన్‌లో రాయండి. బ్రాంచీల్లో డెబియన్ ప్యాకేజీ పోస్ట్‌గ్రెస్ ఉంటే ఇంకా సులువు. /ఈటీసీ/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్/15/మెయిన్ లో ఎన్విరాన్‌మెంట్ అనే ఫైలే ఉంటుంది, దాంట్లో ఒక లైన్. ఎలా చేసినా రీలోడ్ చాలదు, రీస్టార్ట్ కావాలి. ఒక్క హెచ్చరిక: ఆ వేరియబుల్ సర్వర్ పుట్టించే పిల్లలందరికీ పోతుంది. వాల్ అనే మార్పుల చిట్టా ఫైళ్లను బ్యాకప్‌కి పంపే ఆర్కైవ్ కమాండ్ కూడా అందులో ఒకటి. అది పైథాన్‌లో రాసిన పనిముట్టయితే అదీ మీ డైరెక్టరీని ముందు చూస్తుంది. పైన పేర్ల గురించి అంత చెప్పింది అందుకే.

పెర్ల్ వాడేవాళ్లు కూడా ఈ జవాబు చదువుతారు కాబట్టి వాళ్లకోసం. పెర్ల్‌లో ఈ తలనొప్పి తక్కువ. పోస్ట్‌గ్రెస్ కాన్ఫ్ ఫైల్లో పీఎల్‌పెర్ల్.ఆన్_ఇనిట్ అనే సెట్టింగ్ ఉంది. దాంట్లో యూజ్ లిబ్ అని మీ డైరెక్టరీ, ఆ వెంటనే మీ మాడ్యూల్ పేరు రాస్తే చాలు, ఎన్విరాన్‌మెంట్ జోలికి పోనక్కర్లేదు. నమ్మకమైన పీఎల్‌పెర్ల్‌లో మామూలుగా మాడ్యూల్ లోడ్ చేయనివ్వదు. అలా ముందుగా లోడ్ చేసినవి మాత్రం అక్కడా దొరుకుతాయి. ఏం లోడ్ చేస్తున్నారో ఆలోచించి చేయండి, ఎందుకంటే మామూలు యూజర్ల ఫంక్షన్లకు కూడా అది అందుబాటులోకి వస్తుంది. పైథాన్‌కి ఇలాంటి సెట్టింగ్ ఉంటే మనకీ పాట్లు ఉండేవి కావు. టీసీఎల్ భాషకున్న పీఎల్‌టీసీఎల్‌లో పోస్ట్‌గ్రెస్ 10వ వెర్షన్ నుంచి స్టార్ట్_ప్రాక్ అనే సెట్టింగ్ ఉంది, అదీ దాదాపు అదే పని చేస్తుంది.

ఇన్‌స్టాలర్ రాసేవాళ్లు ఎక్కువగా జారేది పెర్ల్ దగ్గరే. కట్టే, దింపే మెట్లు రాసి ఉండే మేక్‌ఫైల్‌లో డేటాబేస్ భాగాన్ని ప్రిఫిక్స్ ప్రకారం బుద్ధిగా పెడతారు, పెర్ల్ సబ్‌డైరెక్టరీకి వచ్చేసరికి పెర్ల్ సొంత మేక్‌మేకర్‌ని పిలుస్తారు. దానికి మీ ప్రిఫిక్స్ తెలియదు. సైట్ డైరెక్టరీకి, అంటే డెబియన్‌లో /యూఎస్ఆర్/లోకల్/షేర్/పెర్ల్ కిందకి, రాయబోతుంది. మామూలు యూజర్‌గా తన హోమ్‌లో కట్టుకుంటున్న కుర్రాడికి చివరి మెట్టులో అనుమతి లేదు అని వస్తుంది. రూట్‌గా కట్టినవాడికి ఇంకా అన్యాయం, తాను చెప్పని చోట ఫైళ్లు పడ్డాయని తెలియనే తెలియదు. /ఆప్ట్‌లో డైరెక్టరీ తీసేస్తే సాఫ్ట్‌వేర్ మొత్తం పోయిందనుకుంటాడు, పెర్ల్‌లో దాని తోక మిగిలిపోతుంది. మనిషి ఒక ప్రిఫిక్స్ చెప్పాడంటే ఆ గీత దాటి ఒక్క ఫైలూ వెళ్లకూడదు. ఇది మర్యాద. భాష డైరెక్టరీలోనే పెట్టమని ఎవరైనా కావాలని అడిగితే దానికి వేరే ఆప్షన్ ఇవ్వండి, డిఫాల్ట్‌గా మాత్రం వద్దు. డెస్ట్‌డిర్ (ఫైళ్లను తాత్కాలికంగా దింపే చోటు) ఇస్తే దాన్నీ లోపలి మేక్‌ఫైళ్లన్నిటికీ అందించండి. లేకపోతే ప్యాకేజీ కట్టేవాళ్ల గుడారంలోకి కాకుండా అసలు సిస్టమ్‌లోకే రాసేస్తుంది.

మీ ఇన్‌స్టాలర్‌లో ఇంకో పని తప్పకుండా చేయించండి. పైథాన్ దారిని స్క్రిప్ట్‌లో 3.11 అని చేత్తో రాసేయకుండా, పైన చెప్పిన చిన్న ఫంక్షన్‌ని ఆ బ్రాంచి సర్వర్‌లోనే నడిపించి వచ్చిన వెర్షన్ చదవండి. మీరు కట్టినదానికీ దానికీ పొంతన లేకపోతే అక్కడికక్కడే ఆగి చెప్పాలి. రాయగడలో ఒకటి డెబియన్ 12, కాశీనగరంలో ఒకటి ఉబుంటు 24.04 అయితే రెండోదాంట్లో పైథాన్ 3.12, పోస్ట్‌గ్రెస్ 16 ఉంటాయి. ఏ బ్రాంచిలోనైనా పాత సర్వర్ మిగిలి ఉండి ఫంక్షన్లు పీఎల్‌పైథాన్2లో ఉన్నాయంటే, పోస్ట్‌గ్రెస్ 15 నుంచి దానికి మద్దతే లేదు, ముందు ఆ ఫంక్షన్లు తిరగరాయాలి. స్టాండ్‌బై (మెయిన్ సర్వర్‌కి నకలుగా నడిచే) సర్వర్ ఉన్నచోట దాంట్లో కూడా అదే ఇన్‌స్టాలర్ నడపాలి. రెప్లికేషన్ ఫంక్షన్‌ని చేరవేస్తుంది, మాడ్యూల్‌ని చేరవేయదు. మెయిన్ సర్వర్ పడిపోయి స్టాండ్‌బై మీదకి వెళ్లిన రోజున ఆ సంగతి తెలుసుకోవడం మంచిది కాదు. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ మార్చే పీజీ_అప్‌గ్రేడ్ కూడా సీ లైబ్రరీలు ఉన్నాయో లేదో చూస్తుంది గానీ పైథాన్ మాడ్యూళ్లను చూడదు.

వెర్షన్ మార్చేటప్పుడు: కొత్త వెర్షన్‌ని పాతదాని మీద రాయకుండా పక్కన పెట్టండి, 1.0 పక్కన 1.1. పైథాన్‌పాత్‌ని 1.1 వైపు తిప్పి రీస్టార్ట్ చేయండి. మామూలుగా ఒక సెషన్‌లో ఒకసారి ఇంపోర్ట్ అయిన మాడ్యూల్ ఆ సెషన్ పోయేదాకా మారదు. మధ్యలో కనెక్షన్లను తెరిచి ఉంచి పంచే పీజీబౌన్సర్ లాంటి పూలర్ ఉంటే పాత సెషన్లు గంటల తరబడి బతికే ఉంటాయి, కొన్ని క్వెరీలకు పాత విలువ, కొన్నిటికి కొత్త విలువ వస్తుంది. రీస్టార్ట్ చేస్తే ఆ బాధ ఉండదు. ఆ వెంటనే ఆ ఫంక్షన్ మీద కట్టిన ప్రతి ఇండెక్స్‌కీ రీఇండెక్స్, అంటే మళ్లీ కట్టడం. నా ల్యాబ్‌లో నేను చేయనిది ఇదే. ఏయే ఇండెక్సులో గుర్తుండదు కాబట్టి ఇన్‌స్టాలర్ తోనే వెతికించి కట్టించండి, మనిషి జ్ఞాపకానికి వదలొద్దు.

మీ మాడ్యూల్‌కి పరీక్షలు రాసుకుంటే రాయగడ, ఎర్రయ్య ఈ రెండు పేర్లూ తెలుగులో, ఒడియాలో పెట్టుకోండి. చుక్క ఉన్న డని రెండు రకాలుగానూ టైప్ చేసి పెట్టండి. ఆ చిన్న ఫంక్షన్ నడిపిస్తే వచ్చిన సిస్.పాత్ ఇక్కడ అతికించండి, చూసి ఏ లైన్ మార్చాలో చెప్తాను.